మంచులో స్పోర్ట్స్ కారు: నేల విడవని సాము

ప్రశ్న: పోయిన వేసవిలో ముచ్చటపడి ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాను. రెండే సీట్లు, మాన్యువల్ గేర్లు, ఇంజన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకి. అంతకుముందు పదేళ్లు నడిపింది ముందు చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న కారు. మొన్న మొదటి మంచు పడింది, రెండంగుళాలు కూడా లేదు. ఇంటి ముందున్న చిన్న ఎక్కుడు కూడా నా కారు ఎక్కలేకపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయే తప్ప బండి కదల్లేదు. అదే రోజు ఒక మలుపులో వెనక భాగం పక్కకి జారి గుండె ఆగినంత పనైంది. ఇది అమ్మేసి నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారు కొనుక్కోమని ఆఫీసులో అందరూ అంటున్నారు. డిక్కీలో ఇసుక మూటలు వేస్తే చాలని ఒకాయన అన్నారు. రోజూ రానూ పోనూ నలభై కిలోమీటర్లు తిరగాలి. రెండో కారు కొనే స్థోమత లేదు, ఈ కారు అమ్మే మనసూ లేదు. ఏం చేయమంటారు?
- పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీట్లెన్నో రాశారు, గేర్లేవో రాశారు, ఇంజన్ ఎక్కడుందో కూడా రాశారు. టైర్లేవో మాత్రం రాయలేదు. మీ ప్రశ్నకి ముప్పాతిక జవాబు అక్కడే ఉంది.

ఒకసారి బయటికెళ్లి టైరు సైడ్‌వాల్, అంటే దాని పక్కగోడ చూడండి. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని మధ్యలో ఆరు రేకుల మంచు గుర్తు కనిపిస్తే అది మంచు మీద పరీక్ష పాసైన టైరు. వట్టి ‘ఎం ప్లస్ ఎస్’ అనే అక్షరాలే ఉంటే సంబరపడకండి. బురదకీ మంచుకీ పనికొస్తుందని తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర అది, దానికి మంచు మీద పరీక్ష అక్కర్లేదు. రెండూ లేకపోతే మీవి వేసవి టైర్లు. కారు వేసవిలో కొన్నారు, పైగా స్పోర్ట్స్ కారు, కాబట్టి అవే అయివుంటాయని నా అనుమానం.

వేసవి టైరు రబ్బరు వేడిలో రోడ్డుని అతుక్కునేలా తయారవుతుంది. వాతావరణం 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చేసరికి బిగుసుకోవడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే చలిలో అది దాదాపు ప్లాస్టిక్ చక్రమే. అంత చలిలో ఈ టైర్లతో కారు కదిలిస్తే రబ్బరు పగలొచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. అంటే మొన్న మీ ఎక్కుడు మీద ఓడిపోయింది కారు కాదు, దాని చెప్పులు.

చలికాలపు టైరు సంగతి వేరు. దాని రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. ట్రెడ్, అంటే నేలని తాకే భాగం, దాని దిమ్మల మీద కత్తితో గీసినట్టు వందలాది సన్నని చీలికలుంటాయి. చక్రం తిరిగేటప్పుడు అవి తెరుచుకుని మంచుని కరుస్తాయి. లోతైన గాళ్లలో మంచు కూరుకుపోతుంది. అది చూసి టైరు మూసుకుపోయిందని కంగారు పడతారు కొందరు, కానీ కావలసింది అదే. రబ్బరు కంటే మంచే మంచుని గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలు మంచు ముద్దని దొర్లిస్తుంటే అది పెద్దదవడం చూసే ఉంటారు కదా, ఇదీ అంతే.

ఇది నిన్నమొన్నటి విద్యేమీ కాదు. ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో 1934లో లారీల కోసం ప్రపంచంలో మొదటి చలికాలపు టైరు తయారైంది. 1936లో కార్లకీ వచ్చింది. పక్కనున్న స్వీడన్‌లో వోల్వో 240 అనే కారు 1974 నుంచి 1993 దాకా తయారైంది. అది వెనక చక్రాల బండి. అంత మంచు దేశంలో దశాబ్దాల పాటు మామూలు కుటుంబాలు అలాంటి బండ్లలోనే ఆఫీసులకీ బడులకీ తిరిగాయి.

ఇక మీ ఆఫీసు వాళ్ల మాట. నాలుగు చక్రాల డ్రైవ్ బండి మంచులో కదలడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. ఆపడానికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి కదా. 50 కిలోమీటర్ల స్పీడులో గట్టిగా బ్రేకు వేశారనుకోండి. పొడి తారు రోడ్డు మీద సుమారు 12 మీటర్లలో ఆగే బండికి, అణిగి గట్టిపడ్డ మంచు మీద 40 మీటర్లు కావాలి. నున్నటి ఐస్ మీద అయితే 100 మీటర్లు. ఇవి పుస్తకాల్లోని రాపిడి విలువలతో వేసిన ఉజ్జాయింపు లెక్కలు, బ్రేకు మీద కాలు పడేలోపు దొర్లే దూరం వీటికి అదనం. ఈ లెక్కలో బరువు లేదు, ఏ చక్రాలకి డ్రైవ్ ఉందన్నదీ లేదు. ఉన్నదల్లా స్పీడు, టైరుకీ నేలకీ మధ్య పట్టు. నన్నడిగితే వేసవి టైర్ల మీదున్న నాలుగు చక్రాల డ్రైవ్ బండే ఎక్కువ ప్రమాదకరం. చులాగ్గా స్పీడు అందుకుంటుంది, మలుపు దగ్గరికి వచ్చాక గానీ అసలు సంగతి తెలీదు.

అందుకని టైర్లు కొనండి, నాలుగూ కొనండి. ‘డ్రైవ్ వెనక చక్రాలకే కదా, రెండు చాలు’ అనే సలహా ఎవరో ఒకరు ఇవ్వకుండా ఉండరు. రెండే వేస్తే బండి కదులుతుంది, కానీ ఆగదు, తిరగదు. ముందు రెండూ మంచివి వేసి వెనక వేసవివి ఉంచితే ఇంకా ఘోరం, బ్రేకు వేసినప్పుడల్లా తోక ముందుకొచ్చి మిమ్మల్ని పలకరిస్తుంది.

స్పోర్ట్స్ కార్లకి వెడల్పు టైర్లే అందం. కానీ వెడల్పు టైరు లోతు మంచు మీద తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ కిందికి దిగుతుంది. అందుకే చలికాలానికి ఒక అంగుళం చిన్న రిమ్ము, దాని మీద కాస్త సన్నటి, ఎత్తు గోడల టైరు వేసుకుంటారు. టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది, అంగుళాలు రిమ్మువి. ఉదాహరణకి 245/40, 18 అంగుళాల టైరు ఉన్నచోట 225/50, 17 అంగుళాలది వేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు మారదు, స్పీడోమీటరూ తప్పు చూపించదు. అయితే మీ బ్రేకు కాలిపర్, అంటే చక్రం లోపల బ్రేకు డిస్కుని నొక్కే పట్టుకారు, పెద్దదైతే చిన్న రిమ్ము పట్టకపోవచ్చు. కారు మాన్యువల్‌లో చలికాలానికి ఏ సైజులు ఒప్పుకుంటారో రాసి ఉంటుంది, దాన్ని దాటి పోవద్దు. విడిగా రిమ్ములు కొనడం ఖర్చే, కానీ ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే బాధ తప్పుతుంది. ఒక జత వాడుతున్నంత కాలం రెండో జత అరగదు కూడా. చలికి గాలి పీడనం తగ్గుతుంది, ప్రతి 5-6 డిగ్రీలకి సుమారు ఒక పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే పాయింటు) చొప్పున. మంచులో పట్టు పెరుగుతుందని కావాలని గాలి తీసేసేవాళ్లున్నారు, రోడ్డు మీద తిరిగే కారుకి ఆ పని చేయకండి.

ఇసుక మూటల గురించి. ఖాళీ పికప్ బండికి, వెనక బరువు బొత్తిగా లేనిదానికి, అది పనికొస్తుంది. ముందు ఇంజన్ ఉన్న చాలా స్పోర్ట్స్ కార్లలో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగంగానే పంచి ఉంటుంది. మూటలతో ఒరిగేది కొంచెమే. డిక్కీ చివర, ఇరుసుకి అవతల పెడితే మలుపులో ఆ బరువే తోకని బయటికి లాగుతుంది. కట్టకుండా వదిలేస్తే గుద్దుకున్నప్పుడు వీపు మీదికి వస్తుంది. చిన్న ఇసుక సంచీ ఒకటి, మడత పార ఒకటి మాత్రం ఉంచుకోండి. ఆ ఇసుక బరువు కోసం కాదు, ఇరుక్కుపోయినప్పుడు చక్రాల కింద చల్లడానికి.

టైర్ల తర్వాత మారాల్సింది మీ కుడికాలు. పదేళ్లు ముందు చక్రాల బండి నడిపానన్నారు చూశారా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట అదే.

నా సంగతి చెబుతాను. నేనూ అలాంటి బండి మీద చేయి తిరిగాకే వెనక చక్రాల కారు కొన్నాను. మొదటి చలికాలంలో ఒక రౌండ్ అబౌట్‌లో, మహా అయితే 25 కిలోమీటర్ల స్పీడులో, కారు కాస్త జారినట్టనిపించి పాత అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మీంచి కాలు టక్కున తీసేశాను. మరుక్షణం వచ్చిన దారి వైపే మొహం పెట్టి నిలబడి ఉన్నాను. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ టైర్లు కూడా వేసవివే, అందుకే మీ ఉత్తరం చదవగానే ముందు టైర్ల మీద పడ్డాను.

అలా ఎందుకైందంటే, టైరుకి ఉన్న పట్టు ఒక్కటే. లాగడానికీ ఆపడానికీ తిప్పడానికీ ఆ ఒక్కదాన్నే పంచుకోవాలి. ముందు చక్రాల బండిలో లాగుడూ తిప్పుడూ రెండూ ముందు టైర్ల మీదే పడతాయి. పట్టు చాలకపోతే బండి తిరగకుండా తిన్నగా పోతుంది. కాలు తీస్తే ముందు టైర్లకి బరువూ వెసులుబాటూ దొరికి మళ్లీ దారికొస్తుంది. వెనక చక్రాల బండిలో ముందుగా అలిసిపోయేది వెనక టైర్లు. అప్పుడు టక్కున కాలు తీస్తే బరువు ముందుకి వాలి వెనక ఇంకా తేలికవుతుంది. దానికి తోడు ఇంజన్ బ్రేకింగ్ మొత్తం ఆ వెనక రెండు చక్రాల మీదే పడుతుంది. జారుతున్న టైర్లకి బ్రేకు వేసినట్టే. చలికాలపు రోడ్డు మీద తటాలున ఒక గేరు దించి క్లచ్ వదిలేయడం కూడా హ్యాండ్ బ్రేక్ లాగినట్టే పనిచేస్తుంది. గేరు దించాలంటే కాస్త రేజ్ చేసి ఇంజన్ స్పీడు కలుపుకుని, క్లచ్ మెల్లగా వదలండి.

నెత్తిన నిండు బిందె పెట్టుకుని నడిచే మనిషిని ఊహించుకోండి. ఆగాలన్నా తిరగాలన్నా ముందే అనుకుని చేస్తుంది, ఉలిక్కిపడదు. మంచులో ఈ కారుని అలా నడపాలి. మలుపుకి ముందు తిన్నగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించేయండి, మలుపులో యాక్సిలరేటర్‌ని ఒకే తీరుగా పట్టి ఉంచండి, స్టీరింగ్ తిన్నబడ్డాకే స్పీడు పెంచండి.

అయినా తోక జారితే క్లచ్ తొక్కేయండి. వెనక చక్రాలకి లాగుడూ ఉండదు, ఇంజన్ బ్రేకూ ఉండదు, స్వేచ్ఛగా దొర్లి పట్టు వెతుక్కుంటాయి. చూపు పోవాల్సిన దారి మీద పెట్టి స్టీరింగ్ అటే తిప్పండి. గుంటని చూస్తే గుంటలోకే పోతారు, చేతులు కళ్ల వెంట పోతాయి. తోక సర్దుకుంటుండగానే స్టీరింగ్ కూడా వెనక్కి తిన్నగా తెచ్చేయాలి. ఆలస్యం చేస్తే బండి రెండోవైపుకి ఇంకా జోరుగా విసిరేస్తుంది. మొదటి జారుడుని కాచుకున్న చాలామంది బోల్తా కొట్టేది ఈ రెండోదానిలోనే.

మీ కారు ఈమధ్యదే అయితే ఈఎస్‌సీ, అంటే జారే బండిని తనంతట తానే సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, ఉంటుంది. యూరప్‌లో 2014 నవంబరు నుంచి, అమెరికాలో 2012 మోడళ్ల నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. ఏ చక్రం జారుతుందో చూసి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది, ఇంజన్ జోరు తగ్గిస్తుంది. మనిషి ఎంత గొప్ప డ్రైవరైనా చేయలేని పని అది. రోడ్డు మీద దాన్ని ఆఫ్ చేసి తోక ఊపుతూ పోవడం సరదాగా ఉంటుందని స్నేహితులు చెబుతారు, వినకండి. ఇరుక్కుపోయినప్పుడు మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ కాసేపు ఆపాల్సి రావచ్చు. చక్రం తిరగబోగానే అది ఇంజన్‌ని నొక్కేస్తుంది కాబట్టి బండి ముందుకీ వెనక్కీ ఊగడానికి అవకాశమివ్వదు. బయటపడగానే ఆన్ చేసేయండి.

కదలడం గురించి. స్టీరింగ్ తిన్నగా పెట్టుకుని రెండో గేరులో, యాక్సిలరేటర్ తాకీ తాకనట్టు, క్లచ్ మెల్లగా వదలండి. చక్రం ఊరికే తిరిగిందో, వెంటనే ఆపేయండి. తిరుగుతున్న టైరు కింద మంచు కరుగుతుంది, ఆపగానే అది అద్దంలా గడ్డకడుతుంది. మొన్న మీరు ఎంత తొక్కితే అంత నున్నగా మీ ఎక్కుడుకి మీరే పాలిష్ పట్టారన్నమాట. ఇంజన్ బలాన్ని వెనక రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ మామూలుదైతే పట్టులేని చక్రం ఒక్కటే తిరిగి రెండోది చోద్యం చూస్తుంది. లిమిటెడ్ స్లిప్ రకమైతే రెండూ లాగుతాయి, కాబట్టి కదలడం సులువు. కానీ రెండూ కలిసి తిరిగితే తోకకి పక్కపట్టు పోతుంది. పక్కకి వాలున్న రోడ్డు మీద నిలబడ్డచోటే వెనక భాగం కిందికి జారడం చూసి హడలిపోకండి, కాలు తగ్గిస్తే ఆగుతుంది.

ఎక్కుళ్ల మీద మీ కారు మీరనుకున్నంత చేతగానిది కాదు. ఎత్తుకి ముక్కు పెట్టినప్పుడు బరువు వెనక చక్రాల మీదికి వాలుతుంది. ముందు చక్రాల బండికి ఇదే తిరగబడి, అక్కడ చక్రాలు తేలికవుతాయి. మీ పాత కారుని మంచులో రివర్స్‌లో ఎక్కించే చిట్కా మీకు అలవాటై ఉంటే ఇక్కడ మర్చిపోండి, ఈ కారుకి అది సరిగ్గా ఎదురు పని. ఎక్కుడు మొదట్లోనే కాస్త స్పీడు అందుకుని ఆపకుండా పోనివ్వండి. ముందు వేరే బండి ఉంటే అది పైకి చేరేదాకా కింద ఆగండి, మధ్యలో అది ఆగిందంటే మీరూ ఆగాలి. దిగేటప్పుడు దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి వచ్చేయాలి, దారి మధ్యలో మార్చకూడదు. బ్రేకు తొక్కినప్పుడు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పెడల్ కింద గడగడలాడితే భయపడి కాలు తీయకండి, అది దాని పని చేసుకుంటోంది.

టైర్లు వేయించిన వారంలోనే ఒక ఉదయం, స్తంభాలూ అరుగులూ లేని పెద్ద ఖాళీ పార్కింగ్ స్థలం చూసుకుని, యజమాని ఒప్పుకుంటేనే, 15-20 కిలోమీటర్ల స్పీడులో గంటసేపు ఆడండి. గట్టిగా బ్రేకు వేసి ఎక్కడ ఆగుతుందో చూడండి. ఈఎస్‌సీ ఆన్‌లో ఉంచి కావాలనే తోక జార్చండి, తర్వాత ఆఫ్ చేసి జార్చండి. జారే ముందు సీటులోంచి నడుముకి ఒక కబురు వస్తుంది. నేను ఎంత రాసినా అది ఎలా ఉంటుందో మీకు తెలీదు, అక్కడ పదిసార్లు జారితే తెలుస్తుంది.

ఇంత చెప్పాక, ఏ టైరూ ఏ ఒడుపూ తీర్చలేని లోటు ఒకటుంది. అది కారు ఎత్తు. చాలా స్పోర్ట్స్ కార్లకి నేలకీ అడుక్కీ మధ్య ఖాళీ 12-14 సెంటీమీటర్లే. మంచు అంతకు దగ్గరైతే బంపర్ దాన్ని తవ్వుకుంటూ పోతుంది. ఇంకాస్త పెరిగితే కారు పొట్ట మంచు మీదికెక్కి చక్రాలు గాల్లో వేలాడతాయి. నేల విడిచి సాము అంటే అక్షరాలా అదే. రోడ్డు శుభ్రం చేసే బండి పోయాక ఇంటి వాకిట్లో మిగిలే మంచు గట్టు ఇంకా మోసం, చూడటానికి మెత్తగా ఉంటుంది, లోపల రాయి. దాని మీంచి దూకించబోయి ఇంజన్ కింది ప్లాస్టిక్ రేకు చింపుకున్నవాళ్లున్నారు. పారతో తీశాకే బయల్దేరండి. రాత్రంతా కుండపోతగా మంచు పడి, రోడ్లు ఇంకా తీయని రోజున ఈ కారు బయటికి తీయకండి. బస్సో, తోటి ఉద్యోగి బండో చూసుకోండి. అలాంటి రోజులు చలికాలం మొత్తమ్మీద ఎన్నొస్తాయో మీ ఊరు మీకే తెలుసు. వారానికి రెండు మూడుసార్లు వచ్చేటట్టయితే మీ ఆఫీసు వాళ్ల సలహా గురించి ఆలోచించాల్సిందే, కానీ కారణం డ్రైవ్ కాదు, ఎత్తు.

గొలుసులు వేయాల్సి వస్తే అవి వెనక చక్రాలకి వేయాలి. మీ కారుకి చక్రం చుట్టూ వాటికి చోటుందో లేదో మాన్యువల్ చూసి తెలుసుకోండి. లేకపోతే గుడ్డతో చేసిన టైరు తొడుగులు దొరుకుతాయి. రెండిటితోనూ మామూలుగా 50 కిలోమీటర్లు దాటకూడదు.

చలి మరీ ఎక్కువున్న రోజు కంటే సున్నా డిగ్రీల దగ్గర తచ్చాడే రోజే ఎక్కువ జారుడు. ఐస్ మీద సన్నటి నీటి పొర ఉంటుంది. వంతెనలకి కింద కూడా చల్లగాలే కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి. తడిగా నల్లగా కనిపిస్తున్నా టైర్ల చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతే అది నీళ్లు కాదని అనుమానించండి.

మిగతావి చిన్నవే. రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుని తినేస్తుంది, వీలైనప్పుడల్లా కింది భాగం కడిగించండి. రిమ్ముల లోపల మంచు గడ్డకట్టి స్టీరింగ్ వణికితే మెకానిక్ దగ్గరికి పరిగెత్తేముందు దాన్ని గీకేసి చూడండి. మంచులో ఇరుక్కుని ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చోవాల్సి వస్తే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. ఇంత కిందికి ఉండే కారులో అది ఇట్టే మూసుకుపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. మీ తలుపులకి అద్దం చుట్టూ ఫ్రేము లేకపోతే, తెరిచినప్పుడు అద్దం కాస్త కిందికి దిగాలి. చలికి అతుక్కుపోయినప్పుడు బలవంతంగా లాగకుండా, రబ్బరు అంచులకి ముందే సిలికాన్ గ్రీజు రాసి ఉంచండి.

టైర్లు వచ్చేదాకా కారు ఉన్నచోటే ఉండనివ్వండి. మొదటి మంచు పడగానే ఊరంతా టైర్ల దుకాణం ముందు వరుసకడుతుంది, అందుకని ఇవాళే ఫోన్ చేసి వంతు రాయించుకోండి. ఇంకో మాట. కొత్త టైర్లతో పొడి రోడ్డు మీద స్టీరింగ్ మెత్తగా, కాస్త బద్ధకంగా తగులుతుంది. అది ఆ రబ్బరు స్వభావం. కారు పాడైందేమోనని టెన్షన్ పడి నాకు మళ్లీ ఉత్తరం రాయకండి.